చిన్న వ్యాపారి రాత: తీరిక లేనివారి బ్లాగుల మీద ఒక సమీక్ష

చిన్న వ్యాపారి బ్లాగు అంటే, గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి తన సరుకు గురించీ పనితనం గురించీ తానే రాసి, కావలసినవారు కావలసినప్పుడు చదువుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచిన రాత. చిన్న అన్న మాటకు ప్రభుత్వం దగ్గర లెక్క ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు 10 కోట్లు మించనివి సూక్ష్మ సంస్థలు. 25 కోట్లు, 100 కోట్లు మించనివి చిన్న సంస్థలు. బ్లాగు సంగతి చర్చకు వచ్చేది ఎక్కువగా ఆ మెట్ల అడుగున. అక్కడ యజమానే గుమాస్తా, సరుకు దించుకునేదీ అతనే, అప్పు పద్దు రాసేదీ అతనే. పెద్ద కంపెనీకి రాతకోతలు చూసుకోవడానికి ఒక విభాగమే ఉంటుంది. మంగళగిరిలో చీరల కొట్టుకు ఉండదు. రోజుకు పన్నెండు గంటలు కొట్టులో నిలబడే మనిషి దేని గురించి, ఎంత, ఎక్కడ రాస్తే ఆ శ్రమ గిట్టుబాటవుతుందన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న.

వ్యాపారి రాత ఇంటర్నెట్‌తో పుట్టలేదు. దండోరా, గోడ మీద రంగు రాత, సినిమా హాల్లో స్లైడు, సంతలో పంచే కరపత్రం, కొట్టు పేరు అచ్చేసిన క్యాలెండరు దాని పూర్వీకులు. వీటిలో చాలావరకు పేరు గుర్తు చేసేవే గాని విషయం చెప్పేవి కావు. విషయం చెప్పి సరుకు అమ్ముకున్నవారికి పాత ఉదాహరణలుగా పరాయి దేశాల నుంచి రెండింటిని తరచుగా చూపుతారు. నాగళ్లు చేసే జాన్ డీర్ కంపెనీ 1895లో ‘ద ఫరో’ అనే పత్రిక పెట్టి రైతులకు సేద్యం సంగతులు చెప్పింది. టైర్లు చేసే మిషెలిన్ సోదరులు 1900లో కారున్నవాళ్ల కోసం బసలు, మరమ్మతు చోట్లు చెప్పే చిన్న పుస్తకం వేశారు. తెలుగువారికి ఇంతకంటే దగ్గరి మనిషి కాశీనాథుని నాగేశ్వరరావు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన ఆయన సంగీత కచేరీల్లో ఆ మందును ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. 1924లో భారతిని తెచ్చారు. ఆ పత్రికలను మందు కోసం వేసిన కరపత్రాలుగా చూడడం అన్యాయం. అయినా నొప్పి మందు సంపాదన పత్రికకు ఆసరా కావడం, రెండూ ఒకే మనిషి పేరుతో ఇంటింటికీ చేరడం వ్యాపార చరిత్రలో గమనించదగ్గ సంగతులే.

వెబ్‌లాగ్ అనే మాటను 1997లో జోర్న్ బార్జర్ పుట్టించాడు. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ దాన్ని సరదాగా విరిచి పలికాక బ్లాగు మిగిలింది. అదే ఏడు పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ బ్లాగర్‌ను తెచ్చింది. 2003లో గూగుల్ దాన్ని కొనుక్కుంది, ఆ ఏడే వర్డ్‌ప్రెస్ కూడా వచ్చింది. తెలుగులో బ్లాగులు 2005 తరవాత ఊపందుకున్నాయి. రోమన్ అక్షరాల్లో కొడితే తెలుగు లిపినిచ్చే లేఖిని, కొత్త టపాలను ఒకచోట చూపే కూడలి అప్పటి బ్లాగర్లందరికీ బాగా తెలిసిన పేర్లు. రాసినవారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, సాహిత్యం మీద మనసున్నవారు, వంటలు రాసేవారు ఎక్కువ. కొట్టు నడిపేవారు ఆ గుంపులో అరుదు. వాళ్లు ఇంటర్నెట్‌లోకి వచ్చేసరికి ఫేస్‌బుక్ పేజీ సిద్ధంగా ఉంది, 2018లో వాట్సాప్ బిజినెస్ కూడా వచ్చింది. బ్లాగు అనే మెట్టు మీద కాలు పెట్టకుండానే చాలామంది దాటేశారు.

రాత ఎవరికి పనికొస్తుందో తేల్చడానికి అర్థశాస్త్రంలో ఒక పాత విభజన బాగా అక్కరకొస్తుంది. ఫిలిప్ నెల్సన్ 1970లో సరుకులను కొనే ముందే చూసి తేల్చుకోగలిగినవి, వాడితే గాని తెలియనివి అని రెండుగా విడదీశాడు. 1973లో మైకేల్ డార్బీ, ఎడి కార్నీ మూడో రకాన్ని చేర్చారు: వాడిన తరవాత కూడా మంచిచెడ్డలు తేలనివి. టమాటా మొదటి రకం, చేత్తో నొక్కి చూస్తే సరిపోతుంది. ఆవకాయ రెండో రకం. పురుగుమందు కొట్టని బియ్యం, గానుగ నూనె, కాయిల్ కాలిపోయిందని మోటారు మెకానిక్ చెప్పే మాట మూడో రకం. ఆ 1970లోనే జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల సంతను తీసుకుని మరో సంగతి చూపాడు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియనప్పుడు, కొనేవాడు అన్నిటికీ సగటు సరుకు ధరే ఇవ్వజూస్తాడు. గిట్టుబాటు కాక మంచి సరుకు సంత వదిలి పోతుంది. నాణ్యమైన సరుకు పెట్టే చిన్న వ్యాపారి బాధ అచ్చంగా ఇదే. ‘పక్క కొట్లో సగం ధరకే ఇస్తున్నారండీ’ అన్న మాటకు జవాబు చెప్పి చెప్పి అతని గొంతు పోతుంది. సరుకు మూడో రకానికి ఎంత దగ్గరగా ఉంటే రాతకు అంత పని ఉంటుంది.

చేనేత చీరనే తీసుకోవచ్చు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు నేయక ముందే కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. అందుకే బొమ్మ అంచులు కాస్త అలికినట్టు కనిపిస్తాయి, చీరను తిరగేసినా బొమ్మ దాదాపు అలాగే ఉంటుంది. బట్ట మీద అచ్చు వేసిన నకలు చీరలో వెనక వైపు వెలిసినట్టు తెలిసిపోతుంది. ఇంత తెలిసిన కొనుగోలుదారును మోసం చేయడం కష్టం. ఆసు పోయడం గురించి రాసినా అంతే. ఒక చీరకు నూలును పిన్నుల చుట్టూ తిప్పడానికి చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ శ్రమ తెలిశాక ధర మీద బేరం సాగే తీరే మారుతుంది. బంగారం కొట్టుకైతే ఇంకా ఎక్కువ సరంజామా ఉంది. 916 అంటే ఏమిటి, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగ మీద తప్పనిసరైన ఆరు అక్షరాల హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో ఎలా సరిచూసుకోవాలి, తరుగు ఎందుకు తీస్తారు, మజూరీ ఒక్కో కొట్టులో ఒక్కోలా ఎందుకుంటుంది: ఇవి పెళ్లి నగలకు వచ్చిన ప్రతి కుటుంబం మనసులో ఉండే ప్రశ్నలు, చాలామంది నోరు తెరిచి అడగని ప్రశ్నలు. గానుగ పెట్టిన మనిషి, లీటరు వేరుశనగ నూనెకు రెండున్నర కిలోల వరకు పప్పు పడుతుందనీ పప్పు కిలో ఎంతుందనీ రాస్తే చాలు, చౌక నూనెతో పోలిక దానంతటదే పక్కకు పోతుంది.

వ్యాపారుల రాతల్లో సర్వసాధారణంగా కనిపించే లోపం ఇక్కడే బయటపడుతుంది. నోటితో ఇంత వివరంగా చెప్పే యజమాని, రాయమనేసరికి ‘నాణ్యతకు మారుపేరు’, ‘మీ నమ్మకమే మా పెట్టుబడి’ అని రాస్తాడు. చదువుకున్న బంధువు చేత రాయిస్తే మాటలు ఇంకా బిగుసుకుంటాయి. కొట్టు ముందు కట్టే బ్యానరుకు ఆ మాటలు చెల్లుతాయేమో గాని, రాత్రి పదకొండు గంటలకు ఫోనులో ‘పట్టు చీర ఇంట్లో ఉతకొచ్చా’ అని వెతికే మనిషికి వాటితో పని లేదు.

తన పనితనం సంగతులే వివరంగా రాసే పద్ధతి ఫలించిన ఉదాహరణల్లో రెండు బాగా ప్రసిద్ధం, రెండూ చిన్న వ్యాపారాలే. లండన్‌లో సూట్లకు పేరుపడ్డ సావిల్ రో సంప్రదాయపు దర్జీ టామస్ మహోన్ 2005లో ‘ఇంగ్లిష్ కట్’ అనే బ్లాగు మొదలుపెట్టాడు. రాయమని ప్రోత్సహించింది మిత్రుడు, కార్టూనిస్టు హ్యూ మెక్లౌడ్. బట్ట ఎంపిక, కత్తిరింపు, కొలతలకు కుట్టిన సూటుకూ తయారు సూటుకూ తేడా, ఇలా అతను రాసినదంతా కత్తెర పట్టే చేతికి తెలిసిన సంగతే. ఆ రాతలు చదివి అమెరికా నుంచి కూడా కొనుగోలుదారులు వచ్చారు. రెండో ఉదాహరణ వర్జీనియాలో ఇళ్లకు ఈతకొలనులు అమర్చే రివర్ పూల్స్ సంస్థది. 2008 మాంద్యంలో ఆర్డర్లు రద్దయి మూతపడే దశకు వచ్చినప్పుడు, భాగస్వాముల్లో ఒకడైన మార్కస్ షెరిడన్ కొనేవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ జాబితా వేసి, ఒక్కొక్క దానికీ ఒక్కో వ్యాసంగా జవాబు రాశాడు. ఫైబర్‌గ్లాస్ కొలనుకు ఎంత ఖర్చవుతుందన్న వ్యాసం అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చింది. ఆ ఒక్క దాని వల్ల వచ్చిన అమ్మకాలే పది లక్షల డాలర్లు దాటాయని అతను చెప్పుకున్నాడు. ఫైబర్‌గ్లాస్ కొలనుల్లో ఉన్న ఇబ్బందులు కూడా దాచకుండా రాశాడు. 2017లో ఈ అనుభవాన్ని పుస్తకంగా వేశాడు. వీటిని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. గెలిచినవారి కథలే పుస్తకాలవుతాయి. ఏడాది రాసి ఫలితం లేక మానేసినవారి లెక్క ఎవరూ తీయరు. పైగా ఆ రోజుల్లో ఆ ప్రశ్నలకు జవాబు రాసినవాళ్లు ఇంకెవరూ లేరు. ఖాళీ మైదానంలో మొదట దిగినవారికి దక్కే లాభం అది.

షెరిడన్ కథ లేవనెత్తిన ధర ప్రశ్న దగ్గర తెలుగు వ్యాపారులు సాధారణంగా ఆగిపోతారు. ధర రాస్తే పోటీదారు పది రూపాయలు తగ్గిస్తాడని భయం. పత్తి, పట్టు, బంగారం ధరలు రోజూ మారతాయని ఇబ్బంది. అసలు బేరం లేని వ్యాపారం ఏమిటన్న అలవాటు. మొదటి భయంలో పస తక్కువ, పోటీదారుకు ఆ ధర ఎలాగూ తెలుసు. రెండోదానికి ధర బదులు ధర కట్టే పద్ధతి రాయడం ఉపాయం. మగ్గం వర్క్ జాకెట్టుకు ఎన్ని వేలని చెప్పలేకపోయినా, పని ఎన్ని గంటలు, జర్దోసీ అయితే ఎంత పెరుగుతుంది, పెళ్లిళ్ల సీజన్‌లో ఎన్ని రోజులు ముందు ఇవ్వాలి అన్నవి చెప్పవచ్చు. ‘ధర కోసం ఇన్‌బాక్స్ చేయండి’ అనే మాట మాత్రం కొనేవాడిని విసిగించడంలో దాదాపు పూర్తి విజయం సాధించింది.

తీరిక సంగతికి వస్తే, సలహాలిచ్చేవారు వారానికి మూడు వ్యాసాలు రాయమంటారు. అది పత్రికాఫీసు లెక్క. కొట్టు నడిపేవారికి నెలకు రెండు చొప్పున ఏడాదికి ఇరవై నాలుగు నిలకడగా వస్తే చాలా ఎక్కువ. ఒక కొట్టుకు నిజంగా వచ్చే వేర్వేరు ప్రశ్నలు కూడా దాదాపు అన్నే ఉంటాయి. ఆ తరవాత చేయవలసింది పాతవాటిని సరిదిద్దడమే. ఆవకాయ వ్యాపారి ప్రతి ఎండాకాలం కొత్త వ్యాసం రాయనక్కర లేదు. ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, నూనె పైకి తేలకపోతే ఏం చేయాలి, అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసులో ఎలా కట్టాలి అన్న పాత జవాబులకు ఆ ఏటి కాయ, ఆ ఏటి కారం సంగతి చేరిస్తే సరిపోతుంది. రాయడం చేతకాదనేవారికి గొంతుతో టైపు చేసే సౌకర్యం ఉంది. గూగుల్ కీబోర్డులో తెలుగుకు అది 2017లోనే వచ్చింది. కొనడానికి వచ్చిన మనిషికి చెబుతున్నట్టే మూడు నిమిషాలు ఫోనుతో చెప్పి, ఇంట్లో ఎవరైనా తప్పులు దిద్దితే ఒక టపా తయారవుతుంది. అలా వచ్చిన తెలుగులో కొట్టు వాసన పోదు. వాట్సాప్‌లో ఇప్పటికే పంపిన జవాబులు ఇంకా తేలికైన ముడిసరుకు. ఒకే జవాబును మూడోసారి టైపు చేస్తున్నానని తోచిన రోజున దాన్ని టపాగా పెట్టి, నాలుగోసారి అడిగినవారికి లింకు పంపే పద్ధతిలో రాత వల్ల తీరిక మిగులుతుంది కూడా.

భాష విషయంలో తెలుగు వ్యాపారికి ఒక చిక్కు ఉంది. తెలుగు చదివేవారిలో చాలామంది వెతికేటప్పుడు రోమన్ అక్షరాల్లో కొడతారు, లేదా ఫోనుతో మాట్లాడతారు. విదేశాల్లో పెరిగిన పిల్లలకు మాట వచ్చినా లిపి రాదు. అందుకని శీర్షికలో సరుకు పేరు రెండు లిపుల్లోనూ ఉంచడం, ఒకే విషయానికి తెలుగు పేజీ, ఇంగ్లిష్ పేజీ విడివిడిగా పెట్టడం వాడుకలో ఉన్న మార్గాలు. ఇంగ్లిష్‌లో పట్టు చీరల మీద రాతలు కుప్పలుగా ఉన్నాయి. తెలుగులో అంత పోటీ లేదు. సరుకు పేర్ల దగ్గర ప్రాంతాల తేడాలూ పట్టించుకోవాలి. వేరుశనగ గుళ్లు తెలంగాణలో పల్లీలు, రాయలసీమలో చెనిక్కాయలు. ఒకే పేజీలో మూడు మాటలూ సహజంగా వస్తే మూడు చోట్ల వారికీ దొరుకుతుంది.

ఎక్కడ రాయాలన్నది సొంత ఇల్లూ అద్దె ఇల్లూ లాంటి లెక్క. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ మీద ఆధారపడ్డ చిన్న అమ్మకందారులకు పోగైన జనం ఒక్క రాత్రిలో లేకుండా పోయారు. ఫేస్‌బుక్ పేజీలో పెట్టింది ఎందరికి చూపాలో కంపెనీ నిర్ణయిస్తుంది, ఎక్కువమందికి కావాలంటే డబ్బు కట్టమంటుంది. వాట్సాప్‌లో పంపింది గట్టిగా రెండు రోజులు బతుకుతుంది, వెతికేవాళ్లకు దొరకదు. సొంత డొమైన్ మీద పెట్టిన పేజీకి ఇప్పటికిప్పుడు జనం రారు, కానీ మూడేళ్ల కిందటి టపా కూడా ఈ రోజు ఒకరిని కొట్టుకు తీసుకురాగలదు. అందుకని మూల ప్రతి సొంత చోట ఉంచి, దాని ముక్కలను రీల్‌గానో స్టేటస్‌గానో బయట పంచడం నష్టం తక్కువ దారి. వీడియో ముందు రాత నిలవదనే వాదన సగమే నిజం. చీర మడత విప్పి చూపడానికి వీడియోను మించింది లేదు; కొలతలు, తేదీలు, ఉతికే పద్ధతి వంటివి మళ్లీ వెతుక్కోవడానికి రాతే హాయి.

బ్లాగు అవసరమే లేని వ్యాపారాలూ ఉన్నాయి, ఆ సంగతి సలహా పుస్తకాలు చెప్పవు. వీధి చివరి కిరాణా కొట్టు, ఇడ్లీ బండి, పిండి మర నడకదూరంలో ఉన్నవారితో బతుకుతాయి. వీటికి గూగుల్ మ్యాప్‌లో సరైన చోటు, పని వేళలు, పనిచేసే ఫోన్ నంబరు, నాలుగు మంచి ఫొటోలు ఉంటే చాలు; వ్యాసం రాసే సమయంలో ఆ వివరాలు సరిచేసుకోవడం మేలు. కొనుగోలుకు ముందు జనం ఎక్కువ ఆలోచించేవి, ఖరీదైనవి, దూరం నుంచి తెప్పించుకునేవి, మోసం భయం ఉన్నవి అయితేనే రాత గిట్టుబాటు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అలాంటి ఊరి సరుకు దూరాన ఉన్నవారికి పంపే ఇంటి వ్యాపారం ఈ కోవలోకి చక్కగా వస్తుంది.

గూగుల్‌లో వెతకడం కూడా మారుతోంది. 2024లో అమెరికాలో, ఆ తరవాత భారత్‌లో ఫలితాల పైభాగాన కృత్రిమ మేధ కూర్చిన జవాబు కనిపించడం మొదలైంది. ప్రశ్నకు జవాబు అక్కడే దొరికితే పేజీ తెరిచేవారు తగ్గడం సహజం. అదే 2024 మార్చిలో, విలువ లేని రాతలను యంత్రాలతో గుట్టలుగా పోసే సైట్లను స్పామ్‌గా చూస్తామని గూగుల్ తన నిబంధనల్లో చేర్చింది. అంతకు ముందు, 2022 డిసెంబరులో, పేజీల నాణ్యత అంచనా వేసేవారికి ఇచ్చే మార్గదర్శకాల్లో రాసినవారి ప్రత్యక్షానుభవాన్ని ఒక కొలతగా పెట్టింది. ఈ మూడిటినీ కలిపి చూస్తే, పట్టు చీర చరిత్ర లాంటి ఎవరైనా రాయగల విషయాలకు విలువ పడిపోతోంది. ఈ నెల చీరాల నుంచి వచ్చిన నూలు ఎందుకు పలచగా ఉందో చెప్పగలిగే మనిషి మాటకు ఇంకా చోటుంది. యంత్రం చేత అక్షర దోషాలు దిద్దించుకోవడం వేరు, తన కొట్టు సంగతి దాని చేత ఊహించి రాయించడం వేరు. రెండో పనిలో సరుకుకు లేని గుణాలు అంటుకుంటాయి, చట్టం ముందు జవాబు చెప్పవలసింది యజమానే.

బ్లాగు టపా కూడా చట్టం దృష్టిలో ప్రకటన కాగలదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకటన అనే మాటలోకి ఇంటర్నెట్‌నూ వెబ్‌సైట్‌నూ చేర్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారు మీద 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. మూలికల పొడి అమ్మేవారు షుగర్ నయమవుతుందనో క్యాన్సర్ తగ్గుతుందనో రాస్తే 1954 నాటి ఔషధాలు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం కిందికి వస్తుంది. తినే సరుకుల విషయంలో ‘సహజం’, ‘తాజా’, ‘సంప్రదాయం’ లాంటి మాటలకు కూడా ఆహార భద్రతా ప్రాధికార సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2018 నిబంధనల్లో షరతులున్నాయి. ఇంటర్నెట్‌లో వినియోగదారుల అభిప్రాయాల సేకరణకు, ప్రచురణకు 2022లో బీఐఎస్ ఒక ప్రమాణం తెచ్చింది. బావమరది చేత మెచ్చుకోలు రాయించుకునే అలవాటుకు అది నచ్చని సంగతి. ఇతరుల ఫొటోలు ఎత్తి వాడుకోవడం కాపీరైటు గొడవ, పెళ్లికూతురి ఫొటో అడగకుండా పెట్టడం అంతకంటే పెద్ద గొడవ.

ఫలితం కొలవడంలో ఎందరు చూశారన్న అంకె చిన్న వ్యాపారికి పెద్దగా ఉపయోగపడదు. కొట్టుకు వచ్చిన కొత్తవారిని ‘మా గురించి ఎలా తెలిసిందండీ’ అని అడిగి నోటు పుస్తకంలో గీత పెట్టుకోవడం అంతకంటే నమ్మదగిన కొలత. మొదటి ఆరు నెలలు ఆ గీతలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండడం మామూలే. ఏజెన్సీకో ఊళ్లో వెబ్‌సైట్లు చేసే కుర్రాడికో పని అప్పగించినప్పుడు డొమైన్ ఎవరి పేరు మీద నమోదైందో, పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో, ఏటా రుసుము ఎవరి కార్డు నుంచి పోతోందో యజమాని ముందే రాసి పెట్టుకోవాలి. వాళ్ల పేరున ఉంటే, పని మానేసిన రోజున కొట్టు పేరుతో పాటు ఆ రాతలన్నీ వాళ్ల దగ్గరే ఉండిపోతాయి.